డబ్బా కంటే ముందు గాలి చూడండి: స్కేల్ మోడళ్లకు, మినియేచర్లకు ప్రైమర్ వేసే పద్ధతి

మా ఊరు ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. నౌపడా నుంచి ఇక్కడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931లో దాన్ని గుణుపూర్ దాకా పొడిగించారు. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. ఇప్పుడది బ్రాడ్‌గేజ్ లైను. ఆ పాత బోగీలనూ గూడ్స్ పెట్టెలనూ 1:87 స్కేలులో ప్లాస్టిక్ షీటు కోసి తయారు చేయడం నాకు ఇష్టమైన పని. 762ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది కాబట్టి, బయట దొరికే 9 మి.మీ. మోడల్ పట్టాలు వాటికి చక్కగా సరిపోతాయి.

మూడు వారాలు కూర్చుని చేసిన మొదటి బోగీకి ఒక ఆగస్టు సాయంత్రం, వాన వెలిశాక, వరండాలో గ్రే ప్రైమర్, అంటే రంగు కంటే ముందు వేసే అడుగు పూత, స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో దాని మీద మీగడలాంటి తెల్ల పొర కమ్ముకుంది. డబ్బా పాడైందనుకుని ఇంకోటి తెప్పించాను. మళ్లీ అంతే. ఆ రెండో డబ్బాలో మిగిలిన మందునే డిసెంబరులో ఒక మధ్యాహ్నం పనికిరాని ముక్క మీద కొడితే, నున్నగా, సమంగా పరుచుకుంది. డబ్బా అదే, చెయ్యి అదే. మారింది గాలి.

అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా ముందు చెప్పే మాట ఇదే: మన వైపు ప్రైమర్ పాడయ్యేది ఎక్కువగా చెమ్మ వల్ల, లేదా ఎండ వల్ల. ఏ కంపెనీ డబ్బా అన్నది తర్వాతి సంగతి. తెలుగు రాష్ట్రాల సరిహద్దు పక్క జిల్లాల్లో ఉన్న మనం, వేరే వాతావరణంలో ఉన్నవాళ్లు రాసిన సలహాలను ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే సరుకు వృథా అవుతుంది.

ప్రైమర్ చేసే పని

ప్లాస్టిక్, రెజిన్, లోహం మూడూ నున్నగా ఉంటాయి, రంగును పీల్చుకోవు. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగు వాటి మీద నేరుగా వేస్తే గోరు తగిలినా లేచిపోతుంది. మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. ఆ పనివాళ్లు కొమ్మును అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. మనకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం, రంగు పట్టుకోవడానికి కంటికి కనిపించనంత గరుకు. ప్రైమర్ ఆ గరుకును ఇస్తుంది. పుట్టీ, ప్లాస్టిక్, ఇత్తడి వేర్వేరు రంగుల్లో ఉన్నచోట అన్నిటినీ ఒకే రంగుకు తెస్తుంది. అతుకుల దగ్గర మిగిలిన సందులను, ఉప్పు కాగితం గీతలను బయటపెడుతుంది. ఈ మూడో పని చాలామంది పట్టించుకోరు. నా వరకు అదే అన్నిటికంటే విలువైనది.

1. మీ చేతిలో ఉన్నది ఏ పదార్థమో తెలుసుకోండి

టామియా, రెవెల్, ఎయిర్‌ఫిక్స్ లాంటి కిట్లు పాలీస్టైరీన్ ప్లాస్టిక్. దీని మీద దాదాపు అన్ని మోడల్ ప్రైమర్లూ పడతాయి.

అచ్చు పోసిన రెజిన్ బొమ్మల మీద, అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటుంది. కడగకపోతే ప్రైమర్ చేపల పొలుసుల్లా లేస్తుంది. త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెజిన్ బొమ్మలకు ఇంకో చిక్కుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాగా కడిగి, యూవీ వెలుతురులో పూర్తిగా గట్టిపడనివ్వాలి. ముట్టుకుంటే జిగటగా ఉన్న బొమ్మకు ఏ ప్రైమరూ నిలవదు.

ఇత్తడి, తెల్ల లోహం (తగరం లాంటి మెత్తటి మిశ్రమం) భాగాలకు ముందు లోహం కోసమే చేసిన ప్రైమర్ పలచగా వేస్తే మంచిది. మిస్టర్ మెటల్ ప్రైమర్ రంగు లేకుండా ఉంటుంది, బ్రష్‌తో పూయవచ్చు. నా బోగీల మెట్లకు, చేతికడ్డీలకు ఇత్తడి తీగ వాడతాను. ఇది వేయని రోజుల్లో బోగీని పట్టుకుని ఎత్తిన ప్రతిసారీ కడ్డీల మీద రంగు పోయేది.

వంచితే వంగే మెత్తటి పీవీసీ బొమ్మల మీద స్ప్రే డబ్బా ప్రైమర్లు కొన్ని ఎన్ని రోజులైనా ఆరకుండా బంకగా ఉండిపోతాయి. వాటికి నీళ్ల ఆధారిత ప్రైమర్ బ్రష్‌తో వేయండి. థర్మాకోల్‌తో కొండలూ గట్లూ చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్ప్రే డబ్బాలోని ద్రావకం థర్మాకోల్‌ను కరిగించి గుంటలు పెడుతుంది. ముందు ఫెవికాల్‌లో కాస్త నీళ్లు, యాక్రిలిక్ రంగు కలిపి అంతటా పూసి, ఒక రాత్రి ఆరబెట్టి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. చిన్న రంధ్రం మిగిలినా ద్రావకం అక్కడి నుంచే లోపలికి పోతుంది.

2. ప్రైమర్ ఎంచుకోవడం

మూడు దారులున్నాయి: ల్యాకర్ (ఘాటైన ద్రావకంతో చేసిన, త్వరగా ఆరే పూత) స్ప్రే డబ్బా, ఎయిర్‌బ్రష్ (కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పనిముట్టు), మామూలు బ్రష్.

ల్యాకర్ స్ప్రేల్లో టామియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్, మిస్టర్ సర్ఫేసర్ ఎక్కువమంది వాడతారు. మిస్టర్ సర్ఫేసర్ డబ్బా మీద 500, 1000, 1200, 1500 అని అంకెలుంటాయి. ఉప్పు కాగితం లెక్కే ఇక్కడా: అంకె పెరిగేకొద్దీ పొర సన్నగా, నున్నగా వస్తుంది. 500 కాస్త దళసరిగా ఉండి గీతలను పూడుస్తుంది, మనిషి బొమ్మ మొహానికి అది పనికిరాదు. ఒక్కటే కొనాలంటే గ్రే రంగులో 1000 గానీ 1200 గానీ కొనండి. ల్యాకర్ త్వరగా ఆరుతుంది, గట్టిగా పట్టుకుంటుంది, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దితే పొడిలా రాలుతుంది. వాసన మాత్రం ఘాటు.

వయేహో సర్ఫేస్ ప్రైమర్, స్టైనిల్‌రెజ్ లాంటివి నీళ్ల ఆధారిత యాక్రిలిక్ పాలీయురేథేన్ ప్రైమర్లు. వాసన తక్కువ. ఎయిర్‌బ్రష్‌తోనూ బ్రష్‌తోనూ వేయవచ్చు. వయేహోతో నాకు ఒక ఇబ్బంది ఉంది. ఒక రోజు ఆరాక కూడా ఉప్పు కాగితం పెడితే అంచులు రబ్బరు పొరలా చిరిగి లేస్తాయి. అతుకులు రుద్ది సరిచేయాల్సిన బోగీలకు నేను ల్యాకరే వాడతాను. అతుకులు పెద్దగా లేని చిన్న బొమ్మలకు పాలీయురేథేన్ చాలు. ఇంట్లో పసిపిల్లలుండి, ఉన్నది ఒకే గది అయితే, నేను నీళ్ల ఆధారిత ప్రైమరే కొనమంటాను.

ఇక హార్డ్‌వేర్ షాపు సరుకు. గేట్లకూ కిటికీ ఊచలకూ వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చౌకగా వస్తుందని చాలామందికి ఆశ పుడుతుంది. అది ఊచలకు బాగుంటుంది. మన స్కేలులో రివెట్లన్నీ దాని కింద పూడిపోతాయి. అంతకంటే ప్రమాదం థిన్నర్. ఒక షాపులో "ఇది అన్నిటికీ పనిచేస్తుంది సార్" అని సీసాలో పోసి ఇచ్చిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో నేను మోడల్ తుడిస్తే, ప్లాస్టిక్ మీద చెక్కిన పలక గీతలన్నీ కరిగి కలిసిపోయాయి. అసిటోన్, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా పాలీస్టైరీన్‌ను కరిగిస్తాయి. మోడల్ ప్రైమర్‌కు ఆ కంపెనీ థిన్నరే వాడండి.

తెప్పించుకునే విషయంలో ఒక మాట. స్ప్రే డబ్బాలు మండే సరుకు, అందుకని పార్సిల్ రోడ్డు మీద నిదానంగా వస్తుంది. పని మొదలుపెట్టకముందే ఆర్డర్ పెట్టుకోండి. విశాఖలో కొని గుణుపూర్ పాసింజర్‌లో సంచిలో పెట్టుకుని వద్దామనుకోకండి. మండే సరుకు రైల్లో తీసుకెళ్లడం చట్టప్రకారం నేరం, తోటి ప్రయాణికులకూ అపాయం.

3. కడగడం, ఆరబెట్టడం

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమండి. మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. బట్టతో తుడిస్తే నూలు పోగులు అంటుకుంటాయి, గాలికే ఆరనివ్వండి. వానాకాలంలో సందుల్లో నీళ్లు ఒక రాత్రయినా పోవు, ఫ్యాను కింద పెట్టండి.

తర్వాత అచ్చు గీతలు గీకేయండి, అతుకులకు పుట్టీ పెట్టి 600, తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. ఇక అక్కడి నుంచి వేళ్లతో ముట్టుకోవద్దు. కొబ్బరినూనె రాసుకునే చేతులు మనవి, ఆ జిడ్డు చాలు ప్రైమర్ లేవడానికి. బొమ్మను ఖాళీ మందుసీసా మూత మీద డబుల్ టేపుతో అతికించి, సీసాను పట్టుకోండి. చిన్న భాగాలను క్లిప్పులకు తగిలించి, ఆ క్లిప్పులను వెదురు పుల్లలకు గుచ్చి, పుల్లలను థర్మాకోల్ ముక్కలో నిలబెట్టండి. స్ప్రే కొట్టేటప్పుడు మాత్రం పుల్లను థర్మాకోల్ నుంచి బయటికి తీసి పట్టుకోండి.

4. రోజు ఎంచుకోవడం

ల్యాకర్‌లోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు వస్తువు నుంచి వేడిని లాక్కుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఈ కారణంగానే. అలా చల్లబడిన ప్రైమర్ మీద, ఐస్ నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు, గాలిలోని తేమ చేరుతుంది. ఇంకా ఆరని పొరలో ఆ తేమ చిక్కుకుంటే తెల్లగా మసకబారుతుంది. నా ఆగస్టు బోగీకి జరిగింది ఇదే.

అందుకే మూడు నాలుగు వందల రూపాయలు పెట్టి తేమ, వేడి రెండూ చూపించే చిన్న మీటరు కొనండి. ఇంకో ప్రైమర్ డబ్బా కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది. నేను పెట్టుకున్న హద్దు ఇది: తేమ 60 శాతం లోపుంటే ధైర్యంగా కొడతాను. 60 నుంచి 70 మధ్య అయితే చాలా పలచటి కోట్లు వేసి, మధ్యలో ఎక్కువ సమయం ఇస్తాను. 70 దాటితే స్ప్రే డబ్బా ముట్టుకోను. ఆ రోజు బ్రష్‌తో నీళ్ల ఆధారిత ప్రైమర్ వేస్తాను, లేదా కోత పనో అతుకు పనో చూసుకుంటాను.

చల్లగా ఉంటుంది కదా అని పొద్దున్నే కొట్టేవాళ్లున్నారు. తెల్లవారుజామునే గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ తగ్గుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పర్లాకిమిడి, బరంపురం, ఛత్రపురం వైపు పదకొండు నుంచి రెండున్నర మధ్య మంచి సమయం. తీరానికి దగ్గరున్నవాళ్లకు మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే మీటరు మళ్లీ పైకి పోతుంది, అంతకుముందే ముగించుకోండి. కోరాపుట్, జయపురం వైపు కొండల మీద చలికాలం పొద్దున డబ్బాలో ఒత్తిడి తగ్గి చుక్కలు చుక్కలుగా ఊస్తుంది. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెట్టండి. వేడినీళ్లు వద్దు, పొయ్యి దగ్గరికి అసలే వద్దు. 50 డిగ్రీలు దాటితే ఆ డబ్బా పేలవచ్చు.

ఎండాకాలం కథ వేరు. రాయగడ లోపలి ప్రాంతాల్లో, అటు మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచ, బల్లార్షా, చంద్రపూర్ వైపు ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా, నిప్పులా ఉంటుంది. అక్కడ చెమ్మ గొడవ లేదు. ప్రైమర్ చుక్క బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి పొడిలా పడుతుంది, చేత్తో తడిమితే ఉప్పు కాగితంలా తగులుతుంది. వాళ్లు ఉదయం ఎనిమిదిన్నర లోపు, నీడలో, మామూలు కంటే కాస్త దగ్గరగా కొట్టాలి. ఎయిర్‌బ్రష్ వాడేవాళ్లు నిదానంగా ఆరే లెవెలింగ్ థిన్నర్ కలుపుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది.

ఏసీ గదిలో ఉంచిన బొమ్మను అప్పటికప్పుడు వరండాలోకి తెచ్చి కొట్టకండి, చల్లటి బొమ్మకు చెమట పడుతుంది. బొమ్మ, డబ్బా రెండూ ఒక గంట ముందే బయటి నీడలో ఉండాలి.

5. ప్రైమర్ కొట్టడం

బరంపురంలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఆటబల్ల మీద ఆడే సైనికుల బొమ్మలకు రంగులేస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"మావయ్యా, బొమ్మకి కళ్లూ ముక్కూ కనబడట్లేదు. మైదాపిండి ముద్దలా అయిపోయింది."

"ఎంత దూరం నుంచి కొట్టావురా?"

"బెత్తెడు."

"ఎన్ని కోట్లు?"

"ఒకటే. మొత్తం కప్పేదాకా ఆపకుండా కొట్టాను."

తప్పు రెండు చోట్లా ఉంది. దూరం జానెడు ఉండాలి, అంటే సుమారు 20 సెంటీమీటర్లు. ఒక్క కోటుతో కప్పాలన్న ఆత్రం ఉండకూడదు. నేను చేసే వరుస చెబుతాను.

డబ్బాను లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు పూర్తిగా ఊపండి. ముందు అట్టముక్క మీద ఒకసారి కొట్టి చూడండి, తొలి చుక్కలు ముద్దగా వస్తాయి. స్ప్రే బొమ్మకు పక్కన ఖాళీలో మొదలుపెట్టి, బొమ్మ మీదుగా దాటించి, అటు ఖాళీలోకి వెళ్లాక మీట వదలండి. బొమ్మ మీదే నొక్కడం, బొమ్మ మీదే ఆపడం చేస్తే అక్కడ మడుగు కడుతుంది. మొదటి కోటు దుమ్ము పడినంత పలచగా, కింద ప్లాస్టిక్ కనిపించేలా ఉండాలి. కంగారుపడకండి, అదే సరైన కోటు. పది పదిహేను నిమిషాలు ఆగి, బొమ్మను తిప్పి రెండోది. అవసరమైతే మూడోది. కింది భాగాలు, చంకలు, చక్రాల వెనక భాగం మర్చిపోతాం కాబట్టి బొమ్మను తలకిందులుగా పట్టుకుని మొదట అక్కడే కొట్టండి. మా వాడు ఆ ముద్ద బొమ్మను ఆల్కహాల్‌లో నానబెట్టి కడిగి, మళ్లీ ఇలా కొట్టాడు. ఈసారి కనుబొమలు కూడా కనిపించాయి.

ఎయిర్‌బ్రష్ అయితే 0.3 నుంచి 0.5 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ (కంప్రెసర్ మీటరు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) గాలి చాలు. సీసాలో వచ్చే ల్యాకర్ సర్ఫేసర్‌ను ఒక వంతుకు ఒకటి, ఒకటిన్నర వంతుల థిన్నర్ కలిపి పాలలా పలచన చేయండి. పాలీయురేథేన్ ప్రైమర్‌ను అలాగే వాడవచ్చు, లేదా దాని థిన్నర్ కొన్ని చుక్కలు చాలు. అది సూది మొన మీద ఆరి అడ్డుపడుతుంది, మధ్యమధ్యలో తడి బ్రష్‌తో మొన తుడవండి, పని అవగానే కడిగేయండి. వానాకాలంలో కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరతాయి, తేమను పట్టే ఫిల్టర్ తప్పక ఉండాలి.

మామూలు బ్రష్‌తో వేసేవాళ్లు వెడల్పాటి మెత్తటి బ్రష్ తీసుకుని, పలచగా రెండు మూడు కోట్లు వేయండి. ఒకసారి పూసిన చోట మళ్లీ మళ్లీ రుద్దకండి. వదిలేస్తే ప్రైమర్ తనంతట తానే సమంగా సర్దుకుంటుంది.

ఇక ముక్కు, ఊపిరి సంగతి. బట్ట మాస్కు, దుమ్ము మాస్కు ద్రావకం ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ ఆవిరికి పనికొచ్చే కార్ట్‌రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి. గాలి ఆడే చోటే కొట్టండి. దేవుడి గదిలో దీపం, అగరబత్తి, వంటింట్లో పొయ్యి ఆర్పి ఉన్నాయో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి. కార్ల వర్క్‌షాపుల్లో వాడే, గట్టిపరిచే మందు కలిపే రెండు భాగాల ప్రైమర్‌ను ఇంట్లో స్ప్రే చేయవద్దు. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి.

6. ఏ రంగు ప్రైమర్?

ఎటూ తేల్చుకోలేకపోతే గ్రే. గీతలు, సందులు దాని మీద బాగా కనిపిస్తాయి. పసుపు, ఎరుపు, నారింజ రంగులు నల్లటి ప్రైమర్ మీద చచ్చిపోయినట్టు ఉంటాయి, వాటికి తెలుపు గానీ గులాబీ గానీ వేయండి. వెండి, ఉక్కు మెరుపు కావాలంటే నలుపు. గూడ్స్ పెట్టెలకు నాకు ఆక్సైడ్ రెడ్ ప్రైమర్ ప్రాణం. పై రంగును అక్కడక్కడ గీకితే కింద తుప్పు రంగు తొంగిచూస్తుంది.

మనిషి బొమ్మలకు జెనిథల్ పద్ధతి నేర్చుకోండి. బొమ్మంతా నలుపు కొట్టి, ఆరాక ఏటవాలుగా పైనుంచి గ్రే, చివరగా సరిగ్గా నడినెత్తి మీద నుంచి తెలుపు కొద్దిగా. మిట్టమధ్యాహ్నం ఎండ పడినట్టు వెలుగు నీడలు వాటంతటవే ఏర్పడతాయి. పై రంగులు పలచగా వేసేవాళ్లకు సగం పని ఇక్కడే అయిపోతుంది.

7. చూడటం, సరిదిద్దడం

ప్రైమర్ ఆరగానే రంగు డబ్బా తెరవకండి. టార్చిలైటు పక్క నుంచి అడ్డంగా వేసి చూడండి. అతుకు గీత కనిపిస్తే అక్కడే పుట్టీ పెట్టి, రుద్ది, ఆ ఒక్కచోట మళ్లీ ప్రైమర్ వేయండి. నా బోగీల్లో ఒక్కోదానికి ఇది మూడుసార్లు జరుగుతుంది.

పొడిలా గరుకుగా పడితే 1500 లేదా 2000 వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్దండి. కారిన చోట పూర్తిగా ఆరేదాకా ముట్టుకోవద్దు, తర్వాత రుద్దండి. తెల్లగా మసకబారిన ల్యాకర్‌ను కడిగేయాల్సిన పని చాలాసార్లు ఉండదు. పొడిగా ఉన్న రోజు దాని మీదే ఒక పలచటి కోటు కొట్టండి, కొత్త ద్రావకం పాత పొరను కాస్త కరిగించి తేమను వదిలిస్తుంది. పొలుసుల్లా లేస్తే మాత్రం అతుకు పని కుదరదు. మొత్తం తీసేసి, కడగడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. తీయడానికి గట్టి ప్లాస్టిక్ కిట్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికొస్తుంది. రెజిన్ బొమ్మ ఎక్కువసేపు నానితే మెత్తబడవచ్చు, ముందు కనిపించని మూల చూసుకోండి.

కొత్త ప్రైమర్ ఏది కొన్నా మొదట ఐస్‌క్రీమ్ కప్పుతో ఇచ్చే గట్టి ప్లాస్టిక్ స్పూన్ మీద వేసి చూడండి. విరిస్తే టక్కున విరిగే స్పూన్లు ఎక్కువగా పాలీస్టైరీనే. ఒక రోజు ఆగి, దాని మీద మాస్కింగ్ టేపు గట్టిగా అదిమి లాగండి. టేపుకు ఏమీ అంటుకోకపోతే అసలు బొమ్మకు వెళ్లవచ్చు. ల్యాకర్ మీద రంగు కొన్ని గంటల్లోనే వేయవచ్చు, పాలీయురేథేన్‌కు పూర్తిగా ఒక రోజు ఇవ్వండి, వానాకాలంలో రెండు. ఆరేంతసేపూ పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, అంచు కింద అగ్గిపుల్ల పెట్టి కాస్త సందు ఉంచితే దుమ్ము పడదు, ఆవిరీ బయటికి పోతుంది.

పని అయ్యాక స్ప్రే డబ్బాను తలకిందులు చేసి, రంగు లేని గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కండి, నాజిల్ మూసుకుపోదు. రేకుల ఇంట్లో అటక మీద, బైకు డిక్కీలో దాన్ని పెట్టకండి. మే నెలలో అక్కడ వేడి ఆ 50 డిగ్రీల గీత దాటుతుంది. నేను నేల మీద, గోడ వారగా, మట్టికుండ పక్కన నీడలో పెడతాను.